రెండు బ్యాండ్ల రేడియో సెట్టు: వాడినవాళ్ళ అనుభవం



పోయిన రంజాన్‌కు ముందు దమ్మామ్‌లో పనిచేసే మన దాత ఒకరు ఫోన్ చేశారు. అక్కడ ఒక దుకాణంలో కారులో బిగించుకునే వైర్‌లెస్ సెట్టు చూశారట. "మాస్టర్ సాబ్, 2022 వరదప్పుడు ఫోన్లు పనిచేయక మనవాళ్ళు ఎంత అవస్థ పడ్డారో విన్నాను. సెలవులకు వచ్చేటప్పుడు ఒక సెట్టు సామాన్లో పెట్టుకుని తెస్తాను. దాని మీద మా అబ్బాజాన్ పేరు రాయించి సొసైటీకి ఇస్తాను" అన్నారు. ఆ మాటకు మాకు సంతోషం కలిగింది. కానీ ఆ వెంటనే "భాయ్, దయచేసి తేవద్దు" అని కూడా చెప్పవలసి వచ్చింది. ఆయన కొంచెం నొచ్చుకున్నారు. ఎందుకు వద్దన్నామో ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాం. తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురు దాతలు కూడా ఇదే సంగతి అడిగారు. అందుకని ఈ సంచికలో కొంచెం వివరంగా రాస్తున్నాం.

మేము అంటే గోదావరిఖని, రామగుండం, మంచిర్యాల వైపు ఇలాంటి సెట్లను లైసెన్సుతో పెట్టుకున్న నలుగురైదుగురం. బడిపంతులు, రిటైరైన సింగరేణి ఎలక్ట్రీషియన్, బండ్ల వైరింగ్ పని చేసే మెకానిక్, ఒక మందుల దుకాణం ఆయన. అందరం ముస్లింలం కూడా కాదు. రేడియో మీద పిచ్చి ఒక్కటే మమ్మల్ని కలిపింది.

హామ్ రేడియో అంటే పరీక్ష రాసి, ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సుతో, డబ్బు ఆశించకుండా రేడియోలో మాట్లాడుకోవడం. నేర్చుకోవడానికి, సరదాకు, ఆపద వచ్చినప్పుడు సాయానికి. బండికి నంబరు ఉన్నట్టు ప్రతి హామ్‌కూ ఒక కాల్‌సైన్ ఉంటుంది. మన దేశపు కాల్‌సైన్లు మామూలుగా 'వి.యు.' అక్షరాలతో మొదలవుతాయి. రాజీవ్ గాంధీ గారిది వి.యు.2 ఆర్.జి. జోర్డాన్ రాజు హుస్సేన్ గారిది జె.వై.1. ఆయన రాజ్యం ఏలుతూనే ప్రపంచంలోని మామూలు హామ్‌లతో మామూలు మనిషిలా మాట్లాడేవారు. ఇది మన పిల్లలకు చెబితే చాలా ఇష్టంగా వింటారు.

మన తెలుగు నేల మీద ఈ విద్యకు పెద్ద దిక్కు 1983లో హైదరాబాద్‌లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో అండమాన్‌కు వెళ్ళారు. అక్కడ చాలా ఏళ్ళుగా హామ్ రేడియో వినిపించలేదు కాబట్టి పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచ హామ్‌లతో మాట్లాడాలన్నది ఉద్దేశం. డిసెంబరు 26న సునామీ వచ్చింది. సరదాకు పెట్టిన సెట్టే ఆపద సెట్టు అయింది. క్షేమ సమాచారాలు, సహాయక సందేశాలు దాని మీదుగా వెళ్ళాయి. దాతలు మమ్మల్ని అడిగేటప్పుడు ఎక్కువమంది మనసులో ఉండేది ఇలాంటి కథే. అందుకే ఒక మాట ముందే చెప్పాలి. ఆ సెట్టు వేరు, దమ్మామ్ దుకాణంలో కనబడిన సెట్టు వేరు.

అండమాన్‌లో వాడినది షార్ట్‌వేవ్ రకం. ఆ తరంగాలు ఆకాశంలో పైపొరను తాకి, వంగి, వేల కిలోమీటర్ల అవతల కిందికి దిగుతాయి. కారులో బిగించే రెండు బ్యాండ్ల సెట్టు తరంగాలు అలా వంగవు. ఇంచుమించు చూపు ఎంతవరకు ఆనుతుందో అంతవరకే పోతాయి. కాబట్టి గోదావరిఖనిలో బటన్ నొక్కి ఈ సెట్టుతో నేరుగా హైదరాబాద్‌తో మాట్లాడలేం. భూమి లోపలికీ పోవు. "గనిలో ప్రమాదం జరిగితే ఇది పనికొస్తుందా?" అని సింగరేణి కుటుంబాల దాతలు ఆశగా అడిగారు. పనికిరాదు. బండరాయి ఈ తరంగాలను మింగేస్తుంది. ఓపెన్‌కాస్టులో సూపర్‌వైజర్ల చేతిలో వాకీటాకీ పనిచేస్తుంది కదా అంటే, అక్కడ నెత్తిన ఆకాశం ఉంది.

మరి రెండు బ్యాండ్లంటే ఏమిటి? మన దేశంలో హామ్‌లకు ఇచ్చిన జాగాల్లో ఒకటి 144 నుంచి 146 మెగాహెర్ట్జ్, ఇంకొకటి 434 నుంచి 438 మెగాహెర్ట్జ్. మొదటిదాని తరంగం పొడవు దాదాపు రెండు మీటర్లు, రెండోదానిది డెబ్భై సెంటీమీటర్లు. ఈ రెండింటిలోనూ మాట్లాడగలిగే సెట్టును రెండు బ్యాండ్ల సెట్టు అంటారు. బండిలో బిగించడానికి చేసింది కాబట్టి 'మొబైల్' సెట్టు. చేతిలో ఉండే ఫోన్‌కూ దీనికీ సంబంధం లేదు. దీనికి టవరు అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు, రీచార్జి అక్కర్లేదు. 145ను మూడుతో గుణిస్తే 435 వస్తుంది. అందుకే అర మీటరు పొడవున్న ఒకే తీగ రెండు బ్యాండ్లకూ ఏంటెన్నాగా పనిచేస్తుంది. లెక్కల పీరియడ్‌లో ఈ సంగతి చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తి చూస్తారు.

యాయేసు ఎఫ్‌టీ-8800, కెన్‌వుడ్ టీఎం-వీ71, ఐకామ్ ఐసీ-2730 ఈ జాతికి చెందినవే. రెండు బ్యాండ్లనూ ఒకేసారి వినడం, వందలకొద్దీ చానెళ్ళను గుర్తు పెట్టుకోవడం, ముందు పలకను విడదీసి డాష్‌బోర్డు మీద పెట్టి అసలు పెట్టెను సీటు కింద దాచుకోవడం వీటి సౌకర్యాలు. చేతి సెట్టు బలం అయిదు వాట్లయితే వీటిది యాభై వాట్ల దాకా ఉంటుంది. ఇక మేము పడ్డ పాట్లు చెప్పేటప్పుడు ఎవరి దగ్గర ఏ కంపెనీ సెట్టు ఉందో రాయడం లేదు. చాలావరకు తప్పు మాదే, సెట్టుది కాదు.

మొదటి తప్పు యాభై వాట్లు అన్న అంకెను నమ్మడం. సెట్టు కొన్న కొత్తలో మా ఎలక్ట్రీషియన్ మిత్రుడు ఇంట్లో బల్ల మీద పెట్టి, మేడ మీది ఏంటెన్నాకు ఇరవై మీటర్ల సన్న కేబుల్ లాగాడు. పక్క కాలనీ దాకా కూడా 435 బ్యాండ్ సరిగ్గా పోలేదు. సెట్టు పాడైందనుకుని విప్పి చూడబోయాడు. అసలు దొంగ కేబుల్. సన్న కోయాక్సియల్ కేబుల్‌లో ఆ ఫ్రీక్వెన్సీ ఇరవై మీటర్లు నడిచేసరికి యాభై వాట్లలో పది వాట్లు మిగిలితే గొప్ప. మిగతాదంతా దారిలో వేడైపోతుంది. వినడంలోనూ అంతే నష్టం. లావు కేబుల్ వేశాక అదే సెట్టు, అదే మేడ, మంచిర్యాల వినబడింది. సెట్టు మీద పెట్టినంత డబ్బు కేబుల్, ఏంటెన్నా, గొట్టం మీద పెట్టడానికి ఎవరికీ చేతులు రావు. అవి కంటికి కనబడేవి కావు గదా.

ఎత్తు సంగతి ఇంకా ముఖ్యం. ఏంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని నాలుగు చిల్లరతో గుణిస్తే చదును నేల మీద ఎన్ని కిలోమీటర్లు పోతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. తొమ్మిది మీటర్ల ఎత్తుకు పన్నెండు కిలోమీటర్లు. అవతలివాళ్ళదీ తొమ్మిది మీటర్లే అయితే ఇద్దరివీ కలిపి దాదాపు పాతిక. అదే రెండు కార్లు రోడ్డు మీద మాట్లాడుకుంటే పది కిలోమీటర్లు దాటడం కష్టం. ఇది చదును నేల లెక్క. మన దగ్గర నేల చదునుగా ఎక్కడుంది? ఓపెన్‌కాస్టుల చుట్టూ పోసిన ఓబీ మట్టి గుట్టలు మన ఊళ్ళ మధ్య కొండల్లా లేచాయి. వాటి నీడలో పడితే కూతవేటు దూరంలో ఉన్న బండి కూడా వినబడదు. మేము ఒక ఆదివారం రామగిరి ఖిల్లా గుట్ట ఎక్కి, చేతి సెట్టుతో, అయిదే వాట్లతో, కింద యాభై వాట్లతో అందని స్నేహితులతో హాయిగా మాట్లాడాం. ఆ రోజు మాకు లెక్క వంటబట్టింది.

ఎత్తు అనగానే మన పెద్దలు మస్జిద్ మినార్ చూపిస్తారు. ఒక కమిటీ వారు ఎంతో మంచి మనసుతో అనుమతి కూడా ఇచ్చారు. పెట్టాం. ఇషా నమాజుకు ముందు ఒకసారి పరీక్షగా మైకు బటన్ నొక్కితే, లోపల లౌడ్‌స్పీకర్ యాంప్లిఫయర్ 'టప్' మని కొట్టింది. వదిలితే మళ్ళీ 'టప్'. ఇమాం సాబ్ మా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పక్కనే అంత బలమైన తరంగం పుడితే మైకు వైరు కూడా ఏంటెన్నా అయిపోతుంది, అదీ సంగతి. వైర్లకు ఫెర్రైట్ వలయాలు తొడిగితే శబ్దం తగ్గింది కానీ పోలేదు. చివరికి ఏంటెన్నాను అక్కడినుంచి తీసి దూరంగా వేరే మేడ మీద పెట్టాం. పైగా ఎత్తయిన చోట లోహపు గొట్టం పెడితే పిడుగుకు ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. ఆ బాధ్యతను మస్జిద్ మీద పెట్టడం మాకు నచ్చలేదు.

ఎండాకాలం మన రామగుండం సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, మూసిన కారులో, సీటు కింద ఇరుకులో ఉన్న సెట్టును ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. దాని వెనక చిన్న ఫ్యాన్ ఉంటుంది. మన బొగ్గు పొడి అందులోకి దూరి నల్లటి ముద్దలా పేరుకుంటుంది. జపాన్‌లో చేసినవాళ్ళు వాన, మంచు ఊహించి ఉంటారు గానీ గోదావరిఖని గాలిని ఊహించి ఉండరు. నెలకోసారి బ్రష్షుతో దులపడం, ఎండలో పూర్తి బలంతో మాట్లాడకపోవడం మేము నేర్చుకున్న మందులు. అయిదు వాట్లు చాలిన చోట యాభై వాట్లు వాడనే వాడం.

ఇంకొకటి నవ్వులాట సంగతి. మెకానిక్ మిత్రుడి మైకు సీటుకూ హ్యాండ్‌బ్రేకుకూ మధ్య జారి బటన్ నొక్కుకుపోయింది. ఆయన తన భార్యతో కూరగాయల ధరల గురించి మాట్లాడుతున్నదంతా ఊళ్ళో హామ్‌లందరూ విన్నారు. చెబుదామంటే ఆయన సెట్టు వినే స్థితిలో లేదు. ఆ చానెల్ మొత్తం స్తంభించింది. ఆపద సమయంలో ఇలా జరిగితే ఒక్క మైకు అందరి నోరూ నొక్కేస్తుంది. ఇన్ని నిమిషాల తర్వాత దానంతట అదే ఆగిపోయేలా చేసే అమరిక చాలా సెట్లలో ఉంటుంది. కొన్న రోజే దాన్ని పెట్టుకోవాలి. మేము ఆ కూరగాయల కబురు విన్నాకే పెట్టుకున్నాం.

ఇక 2022 జూలై. ఆ వరద మనలో చాలామంది కళ్ళారా చూసిందే. మంథని మునిగింది. మంచిర్యాలలో మాతాశిశు ఆసుపత్రి నుంచి తల్లులనూ పసిపిల్లలనూ తరలించారు. దిగువన భద్రాచలం దగ్గర జూలై 16న నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత నీరు అక్కడ రాలేదు. అప్పటికి మాలో ఇద్దరి దగ్గరే సెట్లు ఉన్నాయి. ఒకటి గోదావరిఖనిలో ఇంటి మీద, ఒకటి మంచిర్యాలలో ఒక మిత్రుడి జీపులో. కరెంటు లేక ఫోన్లు ఆరిపోయాయి, ఉన్నవాటికి సిగ్నల్ వచ్చి పోతూ ఉంది.

ఆ రెండు రోజుల్లో మేము ఎవరి ప్రాణాలూ కాపాడలేదు. ఆ మాట స్పష్టంగా చెబుతున్నాం, ఎందుకంటే ఇలాంటి చోట్ల పెంచి చెప్పడం అలవాటైపోయింది. జరిగింది చిన్న పని. ఒకే ఆశ్రయ కేంద్రానికి మూడు సంస్థల భోజనం పొట్లాలు చేరి, రెండు వీధుల అవతల బడిలో తలదాచుకున్నవాళ్ళు పొద్దుటినుంచి టీ మీదే ఉన్నారు. జీపులోని మిత్రుడు ఆ సంగతి చెబితే ఇక్కడినుంచి బయలుదేరబోతున్న ఆటోను నేరుగా ఆ బడికి పంపాం. ఒక ముసలమ్మకు ఇన్సులిన్ కావాలంటే మందుల దుకాణం మిత్రుడు ఐసు డబ్బాలో పెట్టి అదే ఆటోలో పంపాడు. అంతే.

రెండో రోజు సాయంత్రానికి జీపు నోరు మూసుకుంది. కారణం విన్నాక మాకు సిగ్గేసింది. యాభై వాట్లతో మాట్లాడేటప్పుడు సెట్టు పది ఆంపియర్ల దాకా లాగుతుంది. ఊరికే వింటూ ఉంటే అర ఆంపియర్ చాలు. మేమేమో బటన్ నొక్కిన ప్రతిసారీ పూర్తి సలాం, దానికి పూర్తి జవాబు, ఇంట్లో అందరూ ఖైరియత్‌గా ఉన్నారా, అక్కడ వాన ఎట్లుంది, ఇక్కడ ఇట్లుంది. మర్యాదలన్నీ అయ్యాక అసలు మాట. పెట్రోలు దొరకదేమోనని ఇంజను ఆపేసి మాట్లాడాడు మిత్రుడు. బ్యాటరీ దిగిపోయింది. నీళ్ళు వీధి మొదటికి వచ్చేసరికి జీపు స్టార్ట్ కాలేదు. పదిమంది కుర్రాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో దాన్ని నెట్టి గట్టెక్కించారు. ఇంకో గంట ఆలస్యమైతే సెట్టుతోపాటు జీపు కూడా పోయేది.

ఆ తర్వాత మేము పద్ధతి మార్చుకున్నాం. ముందు కాగితం మీద రాసుకుంటాం: ఎవరికి, ఎక్కడ, ఏమి, ఎంతమందికి. రాసింది చదువుతాం. అవతలివాళ్ళు తిరిగి చదివి వినిపిస్తారు. సలాం ఒకసారే, మొదట్లో. ఇళ్ళలో ఉండే ఇన్వర్టర్ పెద్ద బ్యాటరీ కూడా 12 వోల్టులదే కాబట్టి, దానికి దగ్గరగా ఫ్యూజు పెట్టి లావు వైరుతో సెట్టుకు కలిపాం. 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నిండుగా ఉంటే, మితంగా మాట్లాడే సెట్టుకు రెండు మూడు రోజులు దిగులుండదు.

మరుసటి ఏడాది, 2023 జూలై 27న, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచింది. జనం మేడలెక్కి నిలబడ్డారు. హెలికాప్టర్, పడవలు వచ్చి కాపాడాయి. "మీ దగ్గర సెట్లున్నాయి కదా, మీరేం చేశారు?" అని మమ్మల్ని అడిగారు. ఏమీ చేయలేదు. చేయడానికి వీల్లేదు. మా సెట్లు ఇక్కడున్నాయి, మోరంచపల్లిలో సెట్టు లేదు, వాడడం తెలిసిన మనిషి లేడు. దాతలు ఇది గమనించాలి. కుట్టు మిషన్ ఒక్కటి ఇస్తే ఒక ఇంటికి ఉపయోగపడుతుంది. రేడియో సెట్టు ఒక్కటి ఇస్తే ఎవరికీ ఉపయోగపడదు. అటువైపు ఇంకో సెట్టు, దాని పక్కన పరీక్ష పాసైన ఇంకో మనిషి ఉండాలి.

2014 అక్టోబరులో విశాఖపట్నాన్ని కొట్టిన తుపానుకు ఒమన్ దేశం ఇచ్చిన పేరు హుద్‌హుద్. మనందరికీ తెలిసిన పిట్టే. సులైమాన్ అలైహిస్సలాం వారికి సబా దేశపు కబురు మోసుకొచ్చిన పిట్ట. కబుర్లు తెచ్చే పిట్ట పేరు పెట్టుకున్న తుపాను అంత పెద్ద నగరంలో ఫోన్లన్నీ మూగబోయేలా చేసింది. మా బడిలో హామ్ రేడియో గురించి చెప్పినప్పుడల్లా ఇక్కడినుంచే మొదలుపెడతాం.

ఇప్పుడు "తేవద్దు" అన్న మాటకు వస్తాం. మన దేశంలో లైసెన్సు లేకుండా వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ వాడటమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా నేరం. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దాకా ఈ విషయంలో ప్రభుత్వం కఠినంగానే ఉంది. గల్ఫ్ నుంచి సామాన్లో తెస్తే విమానాశ్రయంలో కస్టమ్స్ వారు లైసెన్సు, దిగుమతి అనుమతి చూపమంటారు. అవి లేకపోతే సెట్టు పోతుంది, తెచ్చినవారు కష్టాల్లో పడతారు. ఇక్కడ ఆన్‌లైన్‌లో కొందామన్నా అంతే. అనుమతి లేని వాకీటాకీల అమ్మకాల మీద 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల సంరక్షణ సంస్థ పెద్ద పెద్ద ఆన్‌లైన్ అంగళ్ళకే నోటీసులు ఇచ్చింది.

మన వాడకట్టు కుర్రాడొకడు వరద చూసి ఉత్సాహంతో అలాంటి చవక చేతి సెట్లు రెండు తెప్పించాడు. వాటిలో తప్పు మీట నొక్కితే పోలీసుల ఫ్రీక్వెన్సీలోకి కూడా పోవచ్చని వాడికి తెలియదు. తెలిసిన వెంటనే తిరిగి పంపించేశాం. దాపరికం లేకుండా రాస్తున్నాం. కాగితం లేకుండా వైర్‌లెస్ సెట్టుతో పట్టుబడితే ఏ పిల్లవాడికైనా కష్టమే. మన పేరున్న పిల్లవాడికి ఆ కష్టం ఇంకొంచెం ఎక్కువ, వాడి తల్లికి మరీ ఎక్కువ. సేవ చేయబోయి ఆ ఇంటిని ఠాణా చుట్టూ తిప్పించే హక్కు సొసైటీకి లేదు.

కాగితంతో వెళ్తే దారి సాఫీగానే ఉంది. పన్నెండేళ్ళు నిండినవారెవరైనా పరీక్ష రాయవచ్చు. కేంద్ర టెలికం శాఖ నిర్వహిస్తుంది, మనవాళ్ళు హైదరాబాద్ వెళ్ళి రాస్తారు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులు. రిస్ట్రిక్టెడ్‌కు మోర్స్ కోడ్ అక్కర్లేదు, ఈ రెండు బ్యాండ్ల సెట్టుకు ఆ గ్రేడు చాలు. పదో తరగతి సైన్సు అర్థమైన పిల్లలకు ఆ ప్రశ్నలు అందనివి కావు. పాసయ్యాక పోలీసు విచారణ జరిగి లైసెన్సు వస్తుంది. దానికి నెలలు పట్టినా, వస్తే ఇరవై ఏళ్ళకో జీవితకాలానికో తీసుకోవచ్చు. ఆ కాగితం నకలు బండిలో పెట్టుకుని మేము ఏ చెక్‌పోస్టు దగ్గరైనా ధైర్యంగా ఆగుతాం.

మా బడిలో చదివిన అమ్మాయి ఒకరు ఇలాగే పరీక్ష రాసింది. సైన్సు కన్నా హైదరాబాద్ ప్రయాణమే పెద్ద పరీక్ష అయింది. ఒక్కదాన్ని పంపలేమన్నారు ఇంట్లో, అది సహజమే. తల్లి వెంట వెళ్ళింది. ఇద్దరికీ బస్సు చార్జీలు, ఒక రాత్రి బస, పుస్తకాలు. వాళ్ళ నాన్న ఆటో నడుపుతారు, ఆ ఖర్చుకు వెనకాడారు. కమిటీలో కూడా "ఆడపిల్లకు వైర్‌లెస్ ఎందుకు?" అన్న మాట వచ్చింది. పెద్దలొకరు తన జేబులోంచి ఇచ్చి ఆ మాటను అక్కడితో ఆపారు. ఇప్పుడు మా ఆదివారం సాయంత్రపు సంభాషణను నడిపేది ఆ అమ్మాయే. ఎవరు ముందు, ఎవరు తర్వాత అని వరుస చెబుతుంది. మేము పెద్దవాళ్ళం మాట పెంచితే "అంకుల్, ఓవర్ చెప్పండి" అంటుంది. మా అందరికన్నా ఎక్కువ వింటుంది, తక్కువ మాట్లాడుతుంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో కూడా హామ్ సెట్టు ఉంది. భూమి నుంచి 145 బ్యాండ్‌లో పంపితే 437 బ్యాండ్‌లో తిరిగి వినిపించే ఏర్పాటు దానిలో ఉంది. సరిగ్గా మన రెండు బ్యాండ్ల సెట్టుకు సరిపోతుంది. అది మన నెత్తి మీదుగా పోయేది పది నిమిషాలే. ఒకరోజు బడి మేడ మీద పిల్లల్ని నిలబెట్టి, ఆ గరగర మధ్య ఎవరో దూరదేశపు హామ్ గొంతు వినిపించినప్పుడు వాళ్ళు చేసిన గోల ఇంతా అంతా కాదు. 2025 జూలైలో శుభాంశు శుక్లా అక్కడినుంచి హామ్ రేడియోలోనే మన దేశ విద్యార్థులతో మాట్లాడారు. ఆ వార్త పేపర్లో చూసి ఇద్దరు పిల్లలు మా ఇంటికి వచ్చి పరీక్ష సంగతి అడిగారు. వాళ్ళే ఇప్పుడు చదువుతున్నవాళ్ళు.

కొందరు దాతలు "రంజాన్ చంద్రుడు కనబడిన వార్త దీనిలో చెప్పవచ్చా?" అని అడిగారు. చెప్పకూడదు. ఇది జనానికి ప్రసారం చేసే రేడియో కాదు. రాజకీయం, మతం, వ్యాపారం గాలిలో మాట్లాడకపోవడం హామ్‌ల ఆనవాయితీ. మామూలు రోజుల్లో ఇతరుల సందేశాలు మోయడానికీ లేదు. మామూలు ఫోన్లు దెబ్బతిన్న విపత్తు సమయంలో ఆ వెసులుబాటు ఉంది.

ఇక డబ్బు సంగతి. దీనికి జకాత్ డబ్బు ముట్టుకోవద్దని మా అభిప్రాయం. జకాత్‌కు హక్కుదారులు నిర్ణయమై ఉన్నారు, సెట్టూ గొట్టమూ ఆ వరుసలో రావు. పరీక్షకు వెళ్ళే బీద విద్యార్థికి నేరుగా ఇచ్చే విషయం వేరు, దాన్ని ముఫ్తీ సాబ్‌ను అడిగి తేల్చుకోవాలి. మిగతాదంతా సదఖా, లిల్లాహ్ ఖాతాలోంచే జరగాలి.

మా లెక్క ప్రకారం ముందు పిల్లల పరీక్షల ప్రయాణం, పుస్తకాలు. తర్వాత సొసైటీ కార్యాలయం మేడ మీద తొమ్మిది మీటర్ల గొట్టం, ఎర్తింగ్, ఇరవై మీటర్ల లావు కేబుల్, ఏంటెన్నా. తర్వాత బ్యాటరీ. ఇవన్నీ అయ్యాక, లైసెన్సు చేతికొచ్చిన పిల్లల పేరుమీద, మన దేశంలోనే రసీదుతో సెట్లు. గోదావరిఖనిలో ఒకటి, మంథని వైపు ఒకటి. రెండూ కలిపి, లేదా రెండూ వద్దు. వానాకాలానికి ముందు గొట్టం నిలబెట్టాలని మా ఆశ.

ఇదంతా రాసి, అచ్చుకు ఇచ్చే ముందు దమ్మామ్ దాతకు ఫోన్‌లో చదివి వినిపించాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇద్దరు పిల్లల ప్రయాణ ఖర్చు, కేబుల్ ఖర్చు పంపుతానన్నారు, పంపారు కూడా. పెట్టే ముందు ఒక్క మాట అడిగారు. "సెట్టు మీదైతే అబ్బాజాన్ పేరు రాయించేవాణ్ణి మాస్టర్ సాబ్. కేబుల్ మీద ఎక్కడ రాయిస్తారు?" మాకు నవ్వొచ్చింది, ఆయనా నవ్వారు. ఆ సంగతి ఏంచేయాలో కమిటీ ఇంకా తేల్చలేదు.